చెంగు ముట్టిన చెయ్యి

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి కొత్తగూడ చౌరస్తాను చూస్తే, వారమంతా మనం హారన్లు కొడుతూ తిట్టుకునే చౌరస్తా ఇదేనా అనిపిస్తుంది. కంపెనీ బస్సులు ఉండవు. మెడలో ట్యాగులతో రోడ్డు దాటే పిల్లలు ఇంకా హాస్టల్ గదుల్లో నిద్రపోతుంటారు. బొటానికల్ గార్డెన్‌లో నడక ముగించినవాళ్ళు టిఫిన్ బండి చుట్టూ చేరతారు. 2023 జనవరి 1న తెరిచిన ఫ్లైఓవర్ కింద నీడ మాత్రం చల్లగా, ఖాళీగా పడి ఉంటుంది. ఆ నీడలోంచి ఇద్దరేసి ముగ్గురేసి ఆడవాళ్ళు వస్తుంటారు. తెల్ల చీర, లేకుంటే ఉన్నంతలో లేతరంగు చీర. చంకన గుడ్డ సంచి, సంచిలో బైబిలు, పాటల పుస్తకం. దుకాణాల పైన అద్దెకు తీసుకున్న హాలు మెట్లెక్కి, చెప్పులు విప్పి, కొంగు తలమీదికి లాక్కుని లోపలికి వెళతారు. సోమవారం నుంచి శనివారం దాకా ఈ చుట్టుపక్కల అద్దాల మేడల్లో నేల తుడిచేదీ, ప్యాంట్రీల్లో టీ కలిపేదీ, లేడీస్ హాస్టళ్ళలో వందలకొద్దీ చపాతీలు ఒత్తేదీ వీళ్ళే.

ఆరాధన అయ్యాక అరగంట స్త్రీల కూడిక ఉంటుంది. మగవాళ్ళు కిందికి దిగి టీ తాగుతుంటారు. ఈమధ్య అలాంటి ఒక కూడికలో వెనక వరస ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వినే వీలు కలిగింది. మార్కు సువార్త అయిదో అధ్యాయం చదివారు. 12 ఏళ్ళుగా రక్తస్రావంతో నలిగిపోయిన స్త్రీ గుంపులో వెనకనుంచి వచ్చి, యేసు వస్త్రాన్ని తాకి బాగుపడిన కథ. చదివింది డిగ్రీ చదివే పిల్ల, గుక్క తిప్పుకోకుండా చదివేసింది. "దీంట్లో మీకేం అర్థమైందమ్మా?" అని పాస్టరమ్మ అడిగారు. విశ్వాసం అన్నారొకరు. ప్రార్థన అన్నారింకొకరు. అలవాటైన జవాబులే. అప్పుడు గోడ వారనుంచి పాలమూరు యాసలో ఒక గొంతు లేచింది.

"గామెకు గూడ పైసలన్నీ దవాఖాన్లకే పోయినయమ్మా. నాకు గట్లనే అయింది."

నలుగురు నవ్వారు. ఆమె ఆపకపోయేసరికి ఆ నవ్వులే ఆగిపోయాయి. 28 ఏళ్ళకు గర్భసంచి తీయించుకున్న సంగతి, దానికోసం అమ్మిన మేకలు, కుదువపెట్టి మళ్ళీ విడిపించుకోలేకపోయిన కమ్మలు, ఆ తర్వాత పట్టుకుని ఇప్పటికీ వదలని నడుం నొప్పి, అన్నీ వరసగా చెప్పుకుపోయింది. పక్కనున్నావిడ "నాదీ తీసేసిన్రు" అంది. వెనకనుంచి మరొకావిడ తల ఊపింది.

ఆమె చెప్పింది కల్పించుకున్న అర్థం కాదు, మార్కు రాసిందే. ఆ స్త్రీ చాలామంది వైద్యుల చేతుల్లో నానా అగచాట్లూ పడిందనీ, ఉన్నదంతా ఖర్చుపెట్టేసినా గుణం కనిపించకపోగా రోగం ఇంకా ముదిరిందనీ ఆయన దాపరికం లేకుండా రాశాడు. (స్వయంగా వైద్యుడని సంప్రదాయం చెప్పే లూకా ఇదే కథ రాసేటప్పుడు ఆ రోగం ముదిరిన సంగతిని మెల్లగా జారవిడిచాడు. వృత్తి అభిమానం ఏ కాలంలోనైనా ఒకటే కాబోలు.) వేదికల మీద ఈ కథ ఎన్నోసార్లు విని ఉంటాం. విశ్వాసం గురించి, రహస్యంగా వచ్చి బహిరంగంగా నిలబడటం గురించి మంచి ప్రసంగాలే విన్నాం. ఆస్పత్రి బిల్లు గురించి మాత్రం ఎవరూ ప్రసంగించగా వినలేదు. వినాల్సిన చోటు నిజానికి మనదే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ తెలుగు రాష్ట్రాలవే. తెల్లబట్టకీ, ఎక్కువ రోజుల ముట్టుకీ, కడుపు నొప్పికీ "తీసేస్తే పీడ పోతుంది" అనే ఒకే మందు విన్న ఆడవాళ్ళు మన పల్లెల్లో వీధికి ఇద్దరు దొరుకుతారు. వాళ్ళకు మార్కు అయిదో అధ్యాయం పాత కథ కాదు.

తెలుగు సంఘాల్లో రెండు మాటలున్నాయి, వాక్యం, సాక్ష్యం. వాక్యం చెప్పేది పాస్టరుగారు, వేదిక మీద నిలబడి, మైకులో, ముప్పావు గంట. సాక్ష్యం ఎవరైనా చెప్పవచ్చు. ఆడవాళ్ళూ చెప్పవచ్చు. అయితే కింద నిలబడి, మూడు నిమిషాల్లో ముగించాలి. వాక్యమంటే గ్రంథానికి అర్థం చెప్పడం. సాక్ష్యమంటే నాకేం జరిగిందో చెప్పుకోవడం. మనం అలా గీత గీసుకున్నాం. పాలమూరు ఆవిడ చెప్పింది ఈ రెండింటిలో ఏది? కూడికలో అందరూ దాన్ని సాక్ష్యం కిందే జమకట్టారు. అది వాక్యం కూడా ఎందుకు కాకూడదు అన్నది ఆ రోజునుంచీ బుర్రలో తిరుగుతున్న ప్రశ్న.

ఈ ప్రశ్న మనకంటే ముందే గట్టిగా వేసుకున్నవాళ్ళు ఆఫ్రికా స్త్రీలు. 1989లో ఘనా రాజధాని అక్రాలో వాళ్ళు కూడారు. ముందు నడిచింది మెర్సీ అంబా ఒడుయోయే. ఘనా మెథడిస్టు సంఘంలో పెరిగి, ప్రపంచ చర్చిల మండలిలో ఉప ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన విదుషి. అక్కడ పుట్టిన మండలిని పొట్టిగా సర్కిల్ అంటారు. ఒకరు వేదిక మీద, మిగతావాళ్ళు కింద అన్న పద్ధతి వద్దని, గుండ్రంగా కూర్చుని మాట్లాడుకునే ఆడవాళ్ళ గుంపు కావాలని ఆ పేరు. ఆ సభ పత్రాలను అచ్చువేసినప్పుడు పెట్టిన శీర్షిక తలీతా కూమీ. ఇది కూడా మార్కు అయిదో అధ్యాయంలోదే. చనిపోయిందని అందరూ ఏడుస్తుంటే, యాయీరు అనే అధికారి 12 ఏళ్ళ కూతురిని యేసు చెయ్యి పట్టుకుని లేపిన మాట. వాళ్ళు పెట్టుకున్న పని చెప్పడానికి తేలిక, చెయ్యడానికి కష్టం. మా గురించి మేమే రాస్తాం అన్నారు. రాశారు కూడా. పుస్తకం వెనక పుస్తకం వచ్చింది. 2002లో అడిస్ అబాబాలో కూడినప్పుడు ఎయిడ్స్‌నీ, దానివెంట వచ్చే నిందనీ తమ వేదాంతానికి ముఖ్య విషయం చేసుకున్నారు. శవపేటికలు లేస్తున్న ఊళ్ళలో కూర్చుని త్రిత్వం గురించి మాత్రమే ఎంతసేపని రాస్తారు?

వాళ్ళలో బోట్స్వానా విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలిగా పనిచేసిన ముసా దూబే మార్కు అయిదో అధ్యాయాన్ని చదివిన తీరు మన కొత్తగూడ హాలుకు దగ్గరగా ఉంటుంది. ఆమె దానికి వ్యాఖ్యానం రాయలేదు, కథ చెప్పింది. రక్తమోడుతున్న ఆ స్త్రీ ఆఫ్రికా తల్లి. ఒక్కో వైద్యుడూ వస్తాడు. ఒకడు వలసపాలకుడు, తర్వాతివాడు స్వాతంత్ర్యం తెచ్చానన్న సొంత నాయకుడు, ఇంకొకడు అప్పులిచ్చేవాడు. ప్రతివాడూ ఫీజు పుచ్చుకుంటాడు, రక్తం ఆగదు. ఆ రక్తంలోకే ఎయిడ్స్ వస్తుంది. ఆమె మాత్రం గుంపును తోసుకుంటూ చెయ్యి చాపుతూనే ఉంటుంది. దూబే ఇంకో పని కూడా చేసింది. తెల్లవాళ్ళ మిషన్ల నుంచి విడిపోయి ఆఫ్రికన్లు సొంతంగా పెట్టుకున్న చర్చిల్లోని ఆడవాళ్ళ దగ్గరకు వెళ్ళి, మత్తయి సువార్తలో కనాను స్త్రీ కథను వాళ్ళెలా అర్థం చేసుకుంటారో అడిగి రాసుకుంది. పెద్ద చదువుల్లేనివాళ్ళు ప్రార్థనలో, పాటలో, మాటల్లో చెప్పిన అర్థాన్ని పండితుల వ్యాఖ్యానం పక్కన అదే వరసలో కూర్చోబెట్టింది. సాక్ష్యాన్ని వాక్యం పీట మీదికి ఎక్కించడమంటే ఇదే.

దక్షిణాఫ్రికాలో మదిపోవాన్ మసెన్యా సామెతల గ్రంథం చివరి అధ్యాయంలోని గుణవతి భార్యను తన ఉత్తర సోతో స్త్రీల కళ్ళతో చదివారు. మన క్రైస్తవ ఇళ్ళలో పెళ్ళికీ, ముసలమ్మ సమాధి కార్యక్రమానికీ కూడా చదివే భాగమిది. చీకటితోనే లేస్తుంది, ఇంటిల్లిపాదికీ వండుతుంది, పొలం కొంటుంది, నూలు వడుకుతుంది. మగడు ఊరి గవిని దగ్గర పెద్దలతో కూర్చుని పేరు తెచ్చుకుంటాడు. మసెన్యా ఆ కష్టాన్ని గౌరవిస్తూనే, ఆ కష్టం ఎవరి పరువు కోసం అని అడిగారు. పొద్దున నాలుగింటికి లేచి రెండు షేర్ ఆటోలు మారి కొత్తగూడ చేరే ఆవిడకు ఈ ప్రశ్న ఎవరూ అనువదించి చెప్పక్కర్లేదు.

ఆఫ్రికాలో ఒక చమత్కారం బాగా ప్రచారంలో ఉంది. తెల్లవాడు వచ్చినప్పుడు వాడి చేతిలో బైబిలు, మా చేతిలో భూమి. ప్రార్థన చేద్దాం అన్నాడు, కళ్ళు మూశాం. తెరిచేసరికి బైబిలు మా చేతిలో, భూమి వాడి చేతిలో ఉన్నాయి. ఈ చమత్కారం మన పల్లెల్లో చెప్తే అంత నవ్వు రాదు. మాలపల్లెకూ మాదిగగూడానికీ పోగొట్టుకోవడానికి భూమి ఉంటే కదా. బైబిలుతో పాటు పలకా బలపం వచ్చాయి, నర్సు ఉద్యోగం వచ్చింది, టీచర్ ట్రైనింగ్ వచ్చింది. పోయింది తర్వాత, కాగితం మీద. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో, క్రైస్తవులమని చెప్పుకున్న దళితులకు షెడ్యూల్డ్ కులాల గుర్తింపు లేకుండా పోయింది. బడి రికార్డులో ఒక పేరు, గుడిలో పిలిచేది ఒక పేరు, రెండు పేర్లతో బతికే ఆడవాళ్ళను ఈ హాల్లోనే లెక్కపెట్టవచ్చు. కాబట్టి ఆఫ్రికావాళ్ళ చదువును తెచ్చి ఇక్కడ అతికిస్తే సరిపోదు. మన చదువు మన దెబ్బల్లోంచే రావాలి.

అది ఎప్పుడో మొదలైంది కూడా. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలులో ఒక కొండెక్కి అయిదుగురు ప్రార్థన చేశారు. ప్రార్థన కొండ అని ఇప్పటికీ పిలుస్తారు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ చరిత్ర చెప్పేవాళ్ళు లైమన్ జ్యువెట్ దొర పేరు ముందు చెప్తారు. ఆ అయిదుగురిలో ముగ్గురు ఆడవాళ్ళు: జ్యువెట్ భార్య, జూలియా, రూతు. నాలుగోవాడు క్రిస్టియన్ నర్సు అనే పేరుగలాయన. జూలియా, రూతు తెలుగు ఆడవాళ్ళు. వాళ్ళలాంటి బైబిల్ స్త్రీలు ఆ తర్వాత గడప గడపకూ తిరిగి, దొరలు అడుగుపెట్టలేని వంటిళ్ళలో, పెరళ్ళలో కథలు చెప్పారు. చెప్పేటప్పుడు ఏ కథను ఎంచుకున్నారో, అబ్రాహాము ఇంటినుంచి గెంటేసిన దాసి హాగరు గురించి సవతి పోరు పడే ఇల్లాలికి ఏమని చెప్పారో, ఆ ఇల్లాలు తిరిగి ఏమందో మనకు తెలిస్తే ఎంత బాగుండేది! మిషన్ నివేదికల్లో ఎన్ని ఇళ్ళు తిరిగారు, ఎన్ని కరపత్రాలు పంచారు వంటి లెక్కలకే చోటు దొరికింది.

ఒక విచిత్రం చెప్పాలి. ఒంగోలు మిషన్‌లో పనిచేసిన ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ 1898లో ఒక పుస్తకం, 1899లో ఇంకో పుస్తకం ప్రచురించారు. మొదటిది స్త్రీల హక్కుల కోసం కలం పట్టిన ఇంగ్లండు రచయిత్రి మేరీ వూల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద అధ్యయనం. రెండోది ఒంగోలు మాదిగల నోట విన్న కథలు, వాళ్ళ కొలుపులు, మాతంగి ఆచారాలు. చెప్పులు కుట్టుకుంటూ చెప్పుకున్న మాటలన్న అర్థంలో దానికి పేరు పెట్టారు. ఒకే చెయ్యి రాసిన ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చదివినవాళ్ళు మనలో ఎందరు? ఆమె మిషనరీ, ఆ చూపుకున్న హద్దులు ఆమెకూ ఉన్నాయి. అయినా గూడెంలో కూర్చుని విన్నది, విన్నది రాసింది.

మళ్ళీ ఆ రక్తస్రావపు స్త్రీ దగ్గరకు. ఆమె కథ తెలుగులోకి వచ్చినప్పుడు ఒక ముచ్చట జరిగింది. ఆమె యేసు వస్త్రాన్ని ముట్టింది అని మన బైబిలు రాసింది. ముట్టడం అంటే తాకడం. ముట్టు అంటే నెలసరి. గ్రీకులో గానీ ఇంగ్లీషులో గానీ లేని ఈ ముడి తెలుగులో దానంతటదే పడింది. ముట్టు ఆగని మనిషి, ముట్టకూడని మనిషి, ముట్టింది. దానికి తోడు అంటూ ముట్టూ అని మనకొక జంట మాట ఉండనే ఉంది. ఊరు అంటరానిదని దూరం పెట్టిన మనిషి, ఇల్లు ముట్టు అని మరోసారి దూరం పెట్టిన మనిషి, ఈ కథ వింటే చెవిలో ఎన్ని గంటలు మోగాలి! ఈ మాట మీద ఒక గొప్ప ప్రసంగం తెలుగులో ఇంకా రావాల్సి ఉంది. వస్తే బహుశా గోడ వారనుంచే వస్తుంది. నెలసరి రోజుల్లో ప్రభువు బల్ల దగ్గరకు రావడానికి ఇప్పటికీ వెనకాడే అమ్మలు మన సంఘాల్లో ఉన్నారు. వాళ్ళను ఎవరూ ఆపడం లేదు. లేవీయకాండమూ, అత్తగారి మాటా కలిసి లోపలినుంచి ఆపుతున్నాయి. ఆ చెంగు ముట్టినందుకు ఆమెను కసిరినవాళ్ళు ఆ కథలో లేరు కదా అని వాళ్ళకు చెప్పేవాళ్ళు కావాలి.

అనువాదం అన్నిసార్లూ ఇలా మేలు చెయ్యదు. రాబర్ట్ మొఫాట్ సెత్స్వానా భాషలోకి తెచ్చిన బైబిలు 1857 నాటికి పూర్తయింది. అందులో దయ్యాలకు బదిమో అన్న మాట వాడారు. బదిమో అంటే ఆ జనం భక్తితో తలుచుకునే పూర్వీకులు. తాతముత్తాతలు ఒక్క కలంపోటుతో దయ్యాలైపోయారని దూబే ఎత్తి చూపారు. మన బైబిల్లో నిషేధాల జాబితా చూడండి: సోదె, కర్ణపిశాచి. యూదుల దేశపు మంత్రగాళ్ళ కోసం వెతికిన మాటలు మన సోదెమ్మ బుట్ట మీద వచ్చి వాలాయి. పల్లెలో ఆడదాని మాటకు పదిమంది చెవి ఒగ్గే చోటు ఏదైనా ఉంటే సోదె చెప్పే గడప అది. సోదె నిజమని ఇక్కడ ఎవరూ వాదించడం లేదు. ఆ మాట ఎంచుకున్న వేళ ఎవరి నోరు మూతపడిందో గమనించమనడమే. పొరుగున పండిత రమాబాయి, ఉన్న అనువాదం మామూలు మరాఠీ ఆడవాళ్ళకు కొరుకుడు పడటం లేదని మూలభాషలు నేర్చుకుని బైబిలు మొత్తం తానే మరాఠీలోకి తెచ్చారు. ఆమె పోయాక 1924లో అది వెలువడింది. ముక్తి సదనంలో ఆడవాళ్ళే దానికి అక్షరాలు కూర్చారు.

తెలుగులో ఈ పని వేదాంత కళాశాలల్లో కంటే కథల్లో ముందు జరిగిందని చెప్పాలి. ఎం.ఎం. వినోదిని తప్పిపోయిన కుమారుని ఉపమానాన్ని కూతురి కథగా తిప్పి రాశారు. దళిత క్రైస్తవ కుటుంబంలో పుట్టిన అమ్మాయికి తన ఇల్లు, తన వాళ్ళ మాట చిన్నతనంగా తోస్తాయి. అగ్రవర్ణ స్నేహితురాలి ఇంటి శుభ్రమూ సంస్కారమూ మీద మోజు పుడుతుంది. ఆ ఇంట్లోనే దెబ్బతిని వెనక్కి వస్తుంది. లూకా చెప్పిన దూరదేశం ఎక్కడో లేదు, పక్క వీధిలోని ఆ ఇల్లే దూరదేశం. కొడుకు ఆస్తి తగలేసి వస్తే విందు చేసిన తండ్రి కథను రెండు వేల ఏళ్ళుగా వింటున్నాం. కూతురు తప్పిపోతే ఏమవుతుందని అడగడానికి ఒక తెలుగు రచయిత్రి కావలసి వచ్చింది. దీన్ని సాహిత్య విమర్శకులు దళిత కథ అన్నారు, స్త్రీవాద కథ అన్నారు. రెండూ నిజమే. ఆదివారం బడిలో దీన్ని వాక్య వివరణ అని కూడా చదువుకోవచ్చు.

వేదిక మీదికి మెట్లు కూడా కొన్ని పడ్డాయి. దక్షిణ ఇండియా సంఘం 1976లో తొలిసారి ఒక స్త్రీకి గురువు అభిషేకం ఇచ్చింది. 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి ఇ. పుష్పలలిత బిషప్ అయ్యారు. ఆ సంఘంలో బిషప్ పీఠమెక్కిన తొలి మహిళ ఒక రాయలసీమ తెలుగు మహిళ కావడం మనం ఇంకొంచెం గట్టిగా చెప్పుకోవలసిన సంగతి. అయితే కొత్తగూడ, కొండాపూర్, గచ్చిబౌలి మేడల మీద నడిచే అద్దె హాళ్ళు చాలావరకు ఏ అధ్యక్ష మండలం కిందికీ రావు. అక్కడ ఎవరు మాట్లాడాలో ఆ హాలు పాస్టరుగారి మనసే నిర్ణయిస్తుంది. స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలని కొరింథీయులకు పౌలు రాసిన మాట అక్కడ ఇంకా గట్టిగానే వినిపిస్తుంది. ఆ పత్రికలోనే, అంతకుముందు పదకొండో అధ్యాయంలో, ప్రార్థించే స్త్రీలు, ప్రవచించే స్త్రీలు ఉన్నారన్న సంగతి అంత గట్టిగా వినిపించదు.

మార్కు కథలో ఒక చిన్న చోటుంది. తాకింది ఎవరని యేసు ఆగి చుట్టూ చూస్తాడు. శిష్యులు విసుక్కుంటారు, ఇంత తొక్కిడిలో ఎవరని చెప్తాం అని. పక్కన యాయీరు నిలబడి ఉన్నాడు. సమాజమందిరపు అధికారి, ఇంట్లో కూతురు కొనప్రాణంతో ఉంది, ఒక్కో క్షణం ఒక్కో యుగం. ఆ తొందరలో ఈ స్త్రీ వణుకుతూ ముందుకొచ్చి జరిగిందంతా ఆయనతో చెప్పింది అని మార్కు రాశాడు. అంతే రాశాడు. ఆమె ఏం చెప్పిందో రాయలేదు. 12 ఏళ్ళ సంగతి ఎంతసేపు చెప్పి ఉంటుంది? వైద్యుల పేర్లు చెప్పిందా? మొగుడు వదిలేశాడని చెప్పిందా? ఎంత ఖర్చయిందో లెక్క చెప్పిందా? ఆయన మాత్రం మధ్యలో కదలకుండా విన్నాడు. అధికారి ఇంటినుంచి చావు కబురు వచ్చేదాకా విన్నాడు.

కొత్తగూడ హాల్లో పాలమూరు ఆవిడ సగంలో ఉండగా తలుపు దగ్గరకొక బ్రదర్ వచ్చి చేతి గడియారం వేలితో తట్టి చూపించాడు. పన్నెండింటికి హాలు ఇంకో సంఘానికి అప్పగించాలి. వాళ్ళ కీబోర్డు, డ్రమ్ములు అప్పుడే మెట్ల దగ్గరకు చేరాయి. పాస్టరమ్మ చిన్న ప్రార్థన చేసి ముగించారు. కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి గోడకు ఆనించారు. ఆడవాళ్ళు చెప్పులు వెతుక్కుని కిందికి దిగారు. ఫ్లైఓవర్ నీడలో షేర్ ఆటో కోసం నిలబడ్డప్పుడు పక్కావిడ ఆమె భుజం మీద చెయ్యేసి, "అయితే మల్ల, ఆపరేషన్ అయినంక ఏమైంది?" అని అడిగింది. ఆటో ఒకటి వచ్చి ఆగింది. ఇద్దరూ ఎక్కలేదు.